తరుగు ఎక్కడ పోతుంది? ఈటీఎఫ్ ఖర్చుల లెక్క



పోయిన నెల భిశీ గురించి రాసిన. మొదట ఎత్తుకున్నోళ్లకు ఎంత పడుతుంది, ఆఖరున ఎత్తుకున్నోళ్లకు ఎంత మిగులుతుంది అని లెక్క వేసి చూపించిన. అది చదివి చాలామంది ఒకటే మాట అడిగిండ్రు. "భిశీ సంగతి సరే. మా పిల్లలు ఫోన్‌లో ఈటీఎఫ్ కొంటున్నరు. దాంట్లో ఖర్చు లేనట్టే అంటున్నరు. నిజమేనా?" అని.

ఖర్చు తక్కువ అన్న మాట నిజమే. ఖర్చు లేదన్న మాట మాత్రం నిజం కాదు. నూలు నేసినా తరుగు పోతది, బంగారం కరిగించినా తరుగు పోతది. ఇందులోనూ పోతది. ఆ తరుగు పెద్ద మొత్తం పెట్టేవాళ్లకు తక్కువ. నెలకు ఐదొందలు, వెయ్యి పెట్టే మన ఇండ్లల్లో అదే తరుగు ఎక్కువ అయ్యే వీలుంది. ఈ నెల ఆ లెక్క చూద్దాం. కూడిక, గుణకారం వస్తే చాలు. పగారు చీటీ మీద పీఎఫ్ ఎంత కోసిండ్రు, ఈఎస్ఐ ఎంత కోసిండ్రు అని చదువుకున్నోళ్లకు ఇది కూడా చదవ వస్తది.

ఈటీఎఫ్ అంటే ఏంది

ఈటీఎఫ్ అంటే షేర్ బజారులో కొనుక్కునే ఫండు. నిఫ్టీ అని టీవీలో రోజూ చెప్తరు గదా, అది 50 పెద్ద కంపెనీల జాబితా. ఆ జాబితాలో ఏ కంపెనీకి ఎంత పాలు ఉన్నదో అదే పాలులో షేర్లు కొని, ఒక్క మూటగా కట్టి, ఆ మూటను చిన్న చిన్న యూనిట్లు చేసి బజారులో పెడతరు. ఒక్క యూనిట్ కొంటే ఆ 50 కంపెనీలలోనూ తలా ఇంత మన పాలు వచ్చినట్టే. మన దేశంలో మొట్టమొదటి ఈటీఎఫ్ ఇట్లాంటి నిఫ్టీదే, 2002 జనవరిలో బజారుకు వచ్చింది. ఇప్పుడు సెన్సెక్స్‌వి, బ్యాంకు షేర్లవి, బంగారానివి, వెండివి కూడా ఉన్నయి.

ఏ కంపెనీ మంచిది, ఏది చెడ్డది అని ఎంచే పని ఇందులో లేదు. జాబితా ఎట్లుంటే అట్ల కొనుడే. ఎంచేవాళ్లకు పెద్ద జీతాలు ఇయ్యక్కర్లేదు కాబట్టి నడిపే ఖర్చు తక్కువ.

ఇది మనకు సంబంధం లేని పెద్దోళ్ల ముచ్చట అనుకోవద్దు. పీఎఫ్ కట్టేవాళ్ల పైసలు ఇప్పటికే ఇందులో ఉన్నయి. 2015 ఆగస్టు నుంచి పీఎఫ్ సంస్థ ఈటీఎఫ్‌లు కొంటున్నది. కొత్తగా జమ అయ్యే సొమ్ములో మొదట 5 శాతం, తర్వాత 10 శాతం, 2017 నుంచి 15 శాతం దాకా పెట్టవచ్చని నిర్ణయం చేసిండ్రు. మిల్లోళ్లవి, బీడీలోళ్లవి, ఆఫీసోళ్లవి అందరి సొమ్ము కలిపి కోట్ల లెక్కన కొంటరు గనుక వాళ్లకు పడే ఖర్చు లెక్కలోకి రానంత. మనం ఒక్కరమే వెయ్యి రూపాయలు పట్టుకొని అదే బజారుకు పోతే లెక్క మారుతది. తానులు కొనేవాడికి ఒక ధర, మీటరు కొనేవాడికి ఒక ధర. ఈ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటి తరుగు: నడిపే ఖర్చు

దీన్ని ఎక్స్‌పెన్స్ రేషియో అంటరు. ఫండు కంపెనీ తన పనికి తీసుకునేది. ఏడాదికి ఇంత శాతం అని చెప్తరు గాని రోజూ కొంచెం కొంచెం తీస్తరు. దానికి చీటీ రాదు, ఫోన్‌కు మెసేజ్ రాదు. తీసేసిన తర్వాత మిగిలిన విలువనే మనకు చూపిస్తరు.

పెద్ద నిఫ్టీ ఈటీఎఫ్‌లలో ఇది 0.05 శాతం చుట్టుపక్కల ఉంది. శాతంలో చూస్తే మనకు ఏమీ తెల్వదు, రూపాయిల్లోకి మార్చాలె. 0.05 శాతం అంటే వందకు 5 పైసలు. వెయ్యికి 50 పైసలు. లక్షకు 50 రూపాయలు, అదీ ఏడాదికి. బంగారం ఈటీఎఫ్‌లలో ఎక్కువ. అర శాతం దగ్గర ఉన్నయి, 0.8 శాతం ఉన్నయి కూడా. అంటే లక్షకు 500 నుంచి 800. ఏ ఈటీఎఫ్ అయినా ఏడాదికి ఎంత మించి తీసుకోవద్దో సెబీ గీత గీసింది.

మేనేజరు షేర్లు ఎంచి నడిపే ఫండు ఏజెంటు ద్వారా కొంటే 2 శాతం దాకా పోయేవి ఉన్నయి. అంటే లక్షకు 2,000. ఈటీఎఫ్ చవక అని అందరూ చెప్పేది ఈ 50కి, ఆ 2,000కి ఉన్న తేడా చూసి. అది చిన్న తేడా కాదు. లెక్క కోసం అనుకుందాం, లక్ష రూపాయలు ఏటా 10 శాతం పెరిగినయి. 20 ఏండ్లకు 6 లక్షల 72 వేలు అయితయి. అదే లక్షలో ఏటా 2 శాతం తరుగు పోయి 8 శాతమే మిగిలితే 4 లక్షల 66 వేలు. రెండు లక్షల పైన ఆ 2 శాతమే మింగింది. 10 శాతం పెరుగుతదని నేను చెప్తలేను. తరుగు ఎట్ల పని చేస్తదో చెప్తున్న.

కాబట్టి పిల్లలు చెప్పే మాటలో ఇంతవరకు అబద్ధం లేదు. కాని వాళ్లు చూసేది ఈ ఒక్క తరుగునే. ఇంకా నాలుగైదు ఉన్నయి.

రెండో తరుగు: దలాలు కమీషన్

ఈటీఎఫ్ షేర్ బజారులోనే కొనాలె. బజారులోకి మనం నేరుగా పోలేము, బ్రోకరు ద్వారా పోవాలె. ఆయన కమీషన్‌ను బ్రోకరేజీ అంటరు. ఇది కొన్న ప్రతిసారి, అమ్మిన ప్రతిసారి పడుతది.

ఇక్కడ షోలాపూర్‌లో మా వాడలో ఒక చెల్లె ఉంది. బీడీలు చుట్టుతది. కూతురు ఎనిమిదో తరగతి. ఆ పిల్లను నర్సింగ్ చదివించాలె అని ఆమె పట్టు. ఎవరో చెప్తే నెలకు వెయ్యి రూపాయల నిఫ్టీ ఈటీఎఫ్ కొనుడు మొదలుపెట్టింది. ఏడాది గడిచినంక కాగితాలన్నీ సంచిలో వేసుకొని వచ్చింది. "అన్నా, వందకు ఐదు పైసలే ఖర్చు అన్నరు. ఏడాదిలో 12,000 రూపాయల యూనిట్లు కొన్న. ఐదు పైసల లెక్కన ఖర్చు 6 రూపాయలు కావాలె. నా బ్యాంకు ఖాతా నుంచి 12,710 పోయినయి. ఈ 710 ఎవరు తిన్నరు?" అని అడిగింది.

ఆమె లెక్కలో తప్పు లేదు. 12 నెలల కాగితాలు, వాటిని కాంట్రాక్ట్ నోట్ అంటరు, వరుసగా పరిచి చూసినం. ప్రతి దానిలో ఒకటే కథ. యూనిట్ల ధర సుమారు 1,000. బ్రోకరేజీ 25. దాని మీద 18 శాతం జీఎస్టీ 4 రూపాయల 50 పైసలు. మిగతావి కొన్ని పైసలు. మొత్తం 1,029 రూపాయల 70 పైసలు. 12 నెలలకు 12,356 అయినయి. దాని మీద డీమ్యాట్ ఖాతాకు ఏడాది ఛార్జీ 300, జీఎస్టీ 54. కూడితే 12,710. లెక్క సరిపోయింది.

ఆ బ్రోకరు నియమం ఏందంటే, కొన్నదాంట్లో అర శాతం, లేకపోతే 25 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. వెయ్యికి అర శాతం అంటే 5 రూపాయలే. కాని కనీసం 25 అని ఉంది గనుక 25 పడ్డది. బ్రోకరేజీ కొన్న విలువలో 2.5 శాతం దాటవద్దని నియమం ఉంది. వెయ్యికి 25 అంటే సరిగ్గా ఆ గీత మీద నిలబడ్డట్టు. చట్టం దాటలేదు. ఖాతా తెరిచిన నాడు చిన్న అక్షరాల్లో రాసే ఉంది, ఆమె సంతకం కూడా ఉంది. చదివి చెప్పినోళ్లే లేరు.

ఫండు కంపెనీ తీసుకున్నది వందకు ఐదు పైసలే. దాని దగ్గరికి పోయే తొవ్వలో వందకు దాదాపు ఆరు రూపాయలు పోయినయి. ఈ నెల నేను చెప్పదలచుకున్నది ఇదే. చిన్న మొత్తం పెట్టేవాళ్లకు ఫండు ఖర్చు కన్నా తొవ్వ ఖర్చు ఎక్కువ.

అందరు బ్రోకర్లు ఒక్క తీరు ఉండరు. షేర్లు కొని ఉంచుకునేవాళ్ల దగ్గర కమీషన్ తీసుకోనివాళ్లు ఉన్నరు. ఎంత కొన్నా 20 రూపాయలే అనేవాళ్లు ఉన్నరు. ఇట్లా అర శాతం, కనీసం ఇంత అనేవాళ్లు ఉన్నరు. ఖాతా తెరవకముందు "కనీస బ్రోకరేజీ ఎంత?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

మూడో తరుగు: సర్కారుది, బజారుది

ఇవి అందరికీ ఒకటే. కొనేటప్పుడు స్టాంపు డ్యూటీ 0.015 శాతం, లక్షకు 15 రూపాయలు. అమ్మేటప్పుడు ఎస్‌టీటీ అని ఒక పన్ను. షేర్లయితే కొన్నప్పుడూ అమ్మినప్పుడూ లక్షకు 100 రూపాయలు పడుతది. షేర్ల ఈటీఎఫ్‌కు మాత్రం అమ్మినప్పుడే, అదీ లక్షకు ఒక్క రూపాయి. బజారు రుసుము లక్షకు సుమారు 3 రూపాయలు. సెబీకి లక్షకు 10 పైసలు. బజారు రుసుము మీద జీఎస్టీ. కొని, అమ్మి, ఇవన్నీ కలిపినా లక్షకు 25 రూపాయలు దాటవు. కాంట్రాక్ట్ నోట్ మీద ఈ వరుసలే ఎక్కువ కనపడతయి, చూసి భయపడతరు. భయపడాల్సింది వీటికి కాదు. పైన ఉన్న ఒక్క వరుస, బ్రోకరేజీ, దాన్ని చూడుండ్రి.

నాలుగో తరుగు: డీమ్యాట్ ఖాతా

యూనిట్లు దాచుకునే ఖాతా డీమ్యాట్. దీనికి ఏడాదికొకసారి ఛార్జీ. ఒక్కో చోట ఒక్కో తీరు. ఆ చెల్లెకు 300, జీఎస్టీ కలిపి 354. పది లక్షలు ఉన్నోడికి 354 అంటే ఏమీ కాదు. 12,000 ఉన్న మనిషికి అది దాదాపు 3 శాతం.

దీనికి మందు ఉంది. చాలామందికి తెల్వదు, గట్టిగా చదువుండ్రి. బీఎస్‌డీఏ అని చిన్న మదుపర్ల కోసం సెబీ పెట్టిన డీమ్యాట్ ఖాతా ఉంది. 2024 సెప్టెంబరు 1 నుంచి దాని నియమం ఇది: ఖాతాలో ఉన్నవాటి విలువ 4 లక్షల లోపు ఉంటే ఏడాది ఛార్జీ సున్నా. 4 లక్షలు దాటి 10 లక్షల లోపు ఉంటే ఏడాదికి 100 రూపాయలు. షరతు ఏందంటే, మొదటి పేరు మీదయినా ఒంటరి పేరు మీదయినా మీకు ఒక్కటే డీమ్యాట్ ఖాతా ఉండాలె. మన పిల్లలు అక్కడ ఒకటి ఇక్కడ ఒకటి అని ఫోన్‌లో మూడు నాలుగు ఖాతాలు తెరిచి పెడతరు. దానితో ఈ లాభం పోతది. పనికిరానివి మూయించి ఒక్కటి ఉంచుకోండి. ఆ ఒక్కదాన్ని బీఎస్‌డీఏలో పెట్టండి అని బ్రోకరుకు రాసి ఇయ్యండి. బతిమాలుకునే పని లేదు, అది నియమంలో ఉన్నదే.

ఇదే ఖాతా నుంచి అమ్మినప్పుడు ఇంకొకటి పడుతది, డీపీ ఛార్జీ అంటరు. యూనిట్లు ఖాతాలో నుంచి బయటికి పోయినందుకు రుసుము. ఒక రోజులో ఒక ఈటీఎఫ్ అమ్మితే ఒక్కసారి. సుమారు 15 నుంచి 25 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఒక్క యూనిట్ అమ్మినా అంతే, వెయ్యి యూనిట్లు అమ్మినా అంతే. లక్ష అమ్మినోడికి ఇది లెక్కలోకి రాదు. అవసరం వచ్చి 500 రూపాయలవి అమ్మినోళ్లకు 20 రూపాయలు అంటే 4 శాతం. అందుకని కొంచెం కొంచెం అమ్మే అలవాటు చేసుకోవద్దు.

ఐదో తరుగు: కాగితం మీద కనపడనిది

ఇంతవరకు చెప్పినవి అన్నీ ఏదో ఒక కాగితం మీద ఉంటయి. ఇది ఏ కాగితం మీదా ఉండదు.

కూరగాయల బజారులో కొనే ధర వేరు, మనం అమ్మబోతే వచ్చే ధర వేరు గదా. షేర్ బజారులోనూ అంతే. ఒక యూనిట్ లోపల ఉన్న షేర్ల విలువ 100 రూపాయలు అనుకుందాం. అమ్మేవాడు 101 అంటడు, కొనేవాడు 99 అంటడు. మీరు 101కి కొని వెంటనే అమ్మితే 99 వస్తది. బజారు కదలలేదు, 2 రూపాయలు పోయినయి. పెద్ద నిఫ్టీ ఈటీఎఫ్‌లలో రోజూ మస్తు బేరం జరుగుతది గనుక ఈ సందు పైసల్లో ఉంటది. ఎవరూ కొనని, కొత్త కొత్త పేర్ల ఈటీఎఫ్‌లలో సందు పెద్దగా ఉంటది. వాటి నడిపే ఖర్చు తక్కువ రాసి ఉన్నా లాభం లేదు.

ఇంకొకటి. ఒక్కోసారి జనం ఎగబడి కొంటే యూనిట్ ధర లోపలున్న సరుకు విలువ కన్నా పైకి పోతది. 2025 అక్టోబరులో దీపావళి ముందు అదే అయింది. వెండికి కొరత వచ్చింది. వెండి ఈటీఎఫ్ యూనిట్లు లోపలున్న వెండి విలువ కన్నా చాలా ఎక్కువకు అమ్ముడుపోయినయి, కొన్ని రోజులు 10 శాతం దాకా. కొన్ని ఫండు కంపెనీలు తమ వెండి ఫండ్లలోకి ఒక్కసారిగా వచ్చే కొత్త పైసలు తీసుకోవడం ఆపినయి. ఆ రోజు 110 పెట్టి కొన్నోళ్ల చేతికి 100 రూపాయల వెండి వచ్చినట్టు. వెండి ధర పడకపోయినా, ఆ ఎగబాకుడు తగ్గినంక 10 పోయినట్టే. విదేశీ షేర్ల ఈటీఎఫ్‌లలో కూడా ఇట్లా అయింది. బయటి దేశాలకు పంపే సొమ్ముకు పరిమితి ఉండడంతో కొత్త యూనిట్లు రాక, ఉన్న యూనిట్ల ధర పైకి పోయింది.

దీనికి జాగ్రత్త మూడు మాటల్లో చెప్తా. ఒకటి, లోపలున్న సరుకు విలువ ఇప్పుడు ఎంత అన్నది ఫండు కంపెనీ తన సైటులో బజారు నడిచినంత సేపు చూపిస్తది, దాన్ని ఐనావ్ అంటరు. కొనే ముందు ఆ అంకె, బజారు ధర పక్కపక్కన పెట్టి చూడుండ్రి. రెండు, ఆర్డరు పెట్టేటప్పుడు మార్కెట్ ఆర్డర్ పెట్టవద్దు, లిమిట్ ఆర్డర్ పెట్టాలె. అంటే "ఈ ధర మించి నేను ఇయ్య" అని ముందే చెప్పుడు. మూడు, బజారు పొద్దున 9:15కు తెరుస్తరు. తెరిచిన మొదటి పదిహేను నిమిషాలు ధరలు కుదురుగా ఉండవు. కొంచెం ఆగి కొనండి.

ఆరో తరుగు: జాబితా కన్నా వెనకబడుడు

నిఫ్టీ ఏడాదిలో 10 శాతం పెరిగితే ఈటీఎఫ్ సరిగ్గా 10 పెరగదు. నడిపే ఖర్చు ఉంది, షేర్లు కొనుడు అమ్ముడు ఖర్చు ఉంది, కొంచెం నగదు ఊరికే ఉంటది. ఎంత వెనకబడ్డదో దాన్ని ట్రాకింగ్ డిఫరెన్స్ అంటరు. ఏడాదికి, మూడేండ్లకు, ఐదేండ్లకు ఎంత అన్నది ఫండు కంపెనీలు సైటులో పెట్టాలె. ఒకటే జాబితా మీద రెండు ఈటీఎఫ్‌లు ఉంటే, ప్రకటనలో నడిపే ఖర్చు ఎవరిది తక్కువ అని చూడకుండా ఈ అంకె ఎవరిది తక్కువ అని చూడాలె. ప్రకటన చెప్పేది అడిగిన ధర. ఈ అంకె చెప్పేది నిజంగా పోయిన తరుగు.

ఇక పన్ను. షేర్ల ఈటీఎఫ్‌ను ఏడాది దాటినంక అమ్మితే, ఒక ఆర్థిక సంవత్సరంలో లాభం లక్షా 25 వేలు దాటిన మేరకే 12.5 శాతం పన్ను. ఏడాది లోపల అమ్మితే లాభం మీద 20 శాతం. 2024 జులై 23 నుంచి ఈ లెక్క. మన మొత్తాలకు ఏడాది దాటినంక ఈ పన్ను పడే సందర్భం తక్కువ. బంగారం ఈటీఎఫ్‌లకు ఆ లక్షా 25 వేల మినహాయింపు లేదు.

ఆ చెల్లె లెక్క మళ్లీ వేస్తే

నెలకు వెయ్యే పెట్టాలె, ఏడాదికి 12,000. ఎన్ని తొవ్వలు ఉన్నయో కూర్చొని రాసినం.

ఉన్న తొవ్వ: అదే బ్రోకరు దగ్గర నెలనెలా. 710 రూపాయలు.

రెండో తొవ్వ: అదే బ్రోకరు, కాని డబ్బు బ్యాంకులో జమ చేసుకుంటూ మూడు నెలలకొకసారి 3,000వి కొనుడు. నాలుగుసార్లు 29.50, అంటే 118. డీమ్యాట్‌ను బీఎస్‌డీఏ చేయిస్తే ఏడాది ఛార్జీ సున్నా. స్టాంపు, రుసుములు కలిపి 120 రూపాయలు.

మూడో తొవ్వ: కొని ఉంచుకునేదానికి కమీషన్ తీసుకోని బ్రోకరు, బీఎస్‌డీఏ ఖాతా. 2, 3 రూపాయలు. అమ్మిన నాడు డీపీ ఛార్జీ వేరు.

నాలుగో తొవ్వ: ఈటీఎఫ్ వదిలి ఇండెక్స్ ఫండు. ఇది కూడా అదే 50 కంపెనీల మూటే. కాని బజారులో కొననక్కర్లేదు, ఫండు కంపెనీ దగ్గరే కొంటరు. డీమ్యాట్ వద్దు, బ్రోకరేజీ లేదు, డీపీ ఛార్జీ లేదు, కొనే ధర అమ్మే ధర అని సందు లేదు. నెలనెలా వెయ్యి తనంత తానే పోయేటట్టు పెట్టుకోవచ్చు. నడిపే ఖర్చు ఈటీఎఫ్ కన్నా కొంచెం ఎక్కువ, 0.2 శాతం అనుకుందాం. నెలకు వెయ్యి పెరుగుతూ పోతే ఏడాదిలో సగటున 6,500 ఉన్నట్టు. దాని మీద 13 రూపాయలు. స్టాంపు 60 పైసలు. ఇందులో డైరెక్ట్, రెగ్యులర్ అని రెండు రకాలు. ఏజెంటు కమీషన్ లేనిది డైరెక్ట్. అదే అడగాలె.

710 ఎక్కడ, 14 ఎక్కడ. మూట ఒకటే, తొవ్వ వేరు.

ఆమె నాలుగో తొవ్వ పట్టింది. పాత యూనిట్లు అమ్ముత అన్నది, నేను వద్దన్న. అమ్మితే అర శాతం కమీషన్ 60, జీఎస్టీ కలిపి 70.80, డీపీ ఛార్జీ 20, దాని జీఎస్టీ కలిపి 23.60. మొత్తం 94 రూపాయలు మళ్లీ పోతయి. పోయిన 710 తిరిగి రావు, వాటి కోపంలో ఇంకో 94 ఎందుకు? వాటిని అట్లనే ఉంచి, డీమ్యాట్‌ను బీఎస్‌డీఏ చేయమని అర్జీ రాసి ఇచ్చింది. రాయడం కూతురే రాసింది.

ఒక మాట. పైసలు పెరిగినకొద్దీ లెక్క తిరగబడుతది. ఐదు లక్షలు ఉన్నోళ్లకు 0.2 శాతం అంటే ఏడాదికి 1,000. ఈటీఎఫ్‌లో 0.05 శాతం అంటే 250. మంచి బ్రోకరు, బీఎస్‌డీఏ ఉంటే అప్పుడు ఈటీఎఫే చవక. గ్రాట్యుటీ చేతికొచ్చినోళ్ల లెక్క వేరు, బీడీల పగారులోంచి వెయ్యి తీసేవాళ్ల లెక్క వేరు. ఒకరి లెక్క చూసి ఇంకొకరు నడవద్దు.

బంగారం గురించి అక్కలు అడిగిండ్రు

దాచుకోవడానికే అయితే నగ కన్నా బంగారం ఈటీఎఫ్‌కు తరుగు తక్కువ. నగకు మజూరి, తరుగు, బంగారం మీద 3 శాతం జీఎస్టీ పోతయి. అమ్మబోతే మజూరి తిరిగి రాదు. ఈటీఎఫ్‌లో మజూరి లేదు. కాని నగకు ఒక్కసారే పోతది, ఈటీఎఫ్‌కు ఏటా అర శాతం పైన పోతనే ఉంటది. పిల్ల పెండ్లికి వేసే నగ అయితే నగే కొనాలె. ఈటీఎఫ్ యూనిట్‌కు దారం కట్టి మెడలో వేయలేము గదా.

ఖర్చు తక్కువైతే నష్టం రాదని కాదు

ఇది మరిచిపోవద్దు. 2020 జనవరిలో నిఫ్టీ 12,400 దగ్గర ఉండె. కరోనా వచ్చింది, మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. రెండు నెలల్లో లక్ష పెట్టినోడి చేతిలో 61, 62 వేలు. తర్వాత పైకి లేచిన మాట నిజమే. కాని ఏప్రిల్‌లో ఫీజు కట్టాల్సినోళ్లు అప్పటిదాకా ఆగలేరు. ఐదేండ్ల లోపల అవసరం పడే సొమ్ము, మందులకు ఉంచుకున్న సొమ్ము, అప్పు తెచ్చిన సొమ్ము ఇందులో పెట్టవద్దు. ఆ చెల్లెకు కూడా అదే చెప్పిన. కూతురు పన్నెండో తరగతికి రాకముందే, బజారు బాగున్నప్పుడు కొంచెం కొంచెంగా బ్యాంకు డిపాజిట్‌లోకి మార్చుకో అని. ఇండెక్స్ ఫండులో తీసినప్పుడల్లా డీపీ ఛార్జీ పడదు గనుక అది చేయవచ్చు.

ఎవరన్నా ఈటీఎఫ్ కొనమంటే ఈ ఆరు ప్రశ్నలు కాగితం మీద రాసుకొని అడగండి. ఏడాదికి నడిపే ఖర్చు ఎంత? కనీస బ్రోకరేజీ ఎంత? డీమ్యాట్ బీఎస్‌డీఏనా? అమ్మితే డీపీ ఛార్జీ ఎంత? ఇప్పుడు లోపలి విలువ ఎంత, బజారు ధర ఎంత? మూడేండ్లలో జాబితా కన్నా ఎంత వెనకబడ్డది? జవాబు శాతంలో చెప్తే, "మా వెయ్యికి ఎన్ని రూపాయలు?" అని మళ్లీ అడగండి. అడిగితే విసుక్కునే మనిషి దగ్గర ఖాతా తెరవద్దు.

ఇండ్లల్లో పిల్లలు కొంటుంటే ఆపవద్దు, తిట్టవద్దు. పోయిన ఏడాది కాంట్రాక్ట్ నోట్లన్నీ తీయించి, బ్రోకరేజీ వరుస ఒక్కటి కూడించండి. ఆదివారం పూట గంట పని. ఎంత వచ్చిందో పత్రికకు రాస్తే వచ్చే నెలల్లో పేరు వేయకుండా మీ లెక్క కూడా ఇక్కడ వేసి చూపిస్త.

వచ్చే నెల నామినీ గురించి. పీఎఫ్‌లో, బ్యాంకులో, డీమ్యాట్‌లో ఎవరి పేరు రాసి ఉందో అప్పటిలోపు ఒక్కసారి చూసి పెట్టుకోండి.